పోగులు పెట్టినవాడికి పాత దండు

పోయిన వారం నన్ను ఎక్కడ వదిలేశారో గుర్తుందా? కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ మేడమీద, క్లబ్బు జనమంతా చూస్తుండగా, నోరు జారిన చోట. జారిందని వాళ్లంటారు. నేను మాత్రం అనాల్సిందే అన్నాను.

ఈ వారమే మొదలెట్టిన వాళ్లకోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. నేను నీలవేణిని. ఊరు అక్కుపల్లి. కాశీబుగ్గలో వలలూ తాళ్లూ అమ్మే దుకాణం నాదే. ఆదివారం వస్తే దుకాణం మూసి యుద్ధానికి పోతాను. నవ్వకండి, నిజంగానే యుద్ధం. తిత్లీ తుఫాను మా ఉద్దానం తోటల్ని నేలకేసి కొట్టాక కరెంటు లేక ఊళ్లన్నీ చీకట్లో కూర్చున్నాయి చూడండి, ఆ రోజుల్లో ఏం తోచక ముగ్గురం కలిసి ఒక ఆట కట్టాం. ఒకరు మందస వనజ టీచరు, ఇంకొకడు ఈ ఫ్యాక్టరీ వాళ్లబ్బాయి యువరాజు, మూడోదాన్ని నేను. ఆట పేరు దండు. బల్లమీద ఇసక పోసి, తోటలూ దిబ్బలూ పెట్టి, వేలెడంత బొమ్మల సైన్యాలతో పాచికలు వేసి ఆడతాం. ప్రతి బొమ్మకీ దాని బలాన్ని బట్టి పాయింట్లు. రెండు సైన్యాల పాయింట్లూ సమానంగా తూగితేనే ఆట.

పాత సైన్యం తెప్ప దండు, తెప్పలెక్కిన వేటగాళ్ల బొమ్మలు, ఆడేది మా అక్కుపల్లివాళ్లం. తుఫానుకు కూలిన పనస చెట్టు కొమ్మల్లోంచి మా బైరాగి మావ దాన్ని చెక్కాడు. కొత్తది ఉక్కు దండు, తుపాకీ గొట్టాలవాళ్లు. అంతకుముందు జీడి పిక్కల్నే సైన్యంగా పెట్టి ఆడిన యువరాజు నిరుడు త్రీడీ ప్రింటరు తెచ్చి దించాడు. దించి ఊరుకోలేదు, కొత్త రూల్సు పుస్తకం కూడా రాశాడు. ఆట సాగతీతగా ఉందని అందులో తెప్ప దండుకున్న తాడు తీసేశాడు. తాడంటే మరేం లేదు. జానెడు దూరంలో ఉన్న తెప్పలన్నీ ఒకే తాడుకు కట్టినట్టు లెక్క, ఒకటి కదిలితే అన్నీ కదులుతాయి. అది పోయాక మా తెప్పలు కూడా మిగతా బొమ్మల్లాగే వంతుకొకటి కదలాలి. దానికి తగ్గట్టు పాయింట్లు తగ్గించానని యువరాజు చెప్పాడు, మేం నమ్మాం. అప్పటినుంచి తెప్ప దండు ఒక్క ఆట కూడా గెలవలేదు.

పాయింట్లు తప్పని నేనూ, మీకు ఆడటం రావడం లేదని అతనూ. పలాస పోటీలేమో దగ్గర పడుతున్నాయి. అప్పుడే అన్నాను ఆ మాట: "నువ్వూ నానూ ఆడదాం. నాను గెలిత్తే నీ పుస్తకం తిరగరాయాల. నువ్వు గెలిత్తే మా దండుని నా సేతుల్తో నానే అద్దాల బీరువాలో ఎట్టెత్తాను, మళ్లీ బల్ల ఎక్కదు." వనజ టీచరు ఆ పందెం బోర్డు మీద రాసింది, కింద మా ఇద్దరిచేతా సంతకాలు చేయించింది.

ఇక ఈ ఆదివారం సంగతి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం మేడెక్కాం. కింద ఫ్యాక్టరీకి సెలవైనా కాల్చిన జీడి పిక్కల వాసన మెట్లమీదే ఉంది. బైరాగి మావ తెప్ప దండుని పాత లుంగీలో మూటగట్టి చంకన పెట్టుకొచ్చాడు. ఎవరైనా పట్టుకుంటానంటే కస్సుమన్నాడు. వాటిని చెక్కింది తనే అయినా ఆయన ఈ బల్ల దగ్గర కూర్చుని ఆడింది లేదు. ఎప్పుడూ వెనక కుర్చీలో కూర్చుని తప్పులు పడతాడు.

యువరాజు నల్ల పెట్టె తెచ్చి బల్లమీద పెట్టాడు. లోపల నురగ అరల్లో ఉక్కు దండు, ఒక్కొక్క బొమ్మకీ ఒక్కొక్క గుంట. చెప్పుకోవాలంటే అందంగానే ఉంటాయి. అతను పెట్టె మూత మీద చెయ్యి వేశాడు.

"ఆగు. ఆ పెట్టి తియ్యకు," అన్నాను.

"ఏటే, అప్పుడే బయం పట్టుకున్నాదా?"

"బయవా, నిన్ను సూసా? ఇంటర్లో పామని సెప్పి తాడు సూపిత్తే బెంచీ ఎక్కీసినోడివి నువ్వు. ఒక మాటకి జవాబు సెప్పు. రెండు దండులూ సమానవేనా?"

"ఎన్నిసార్లు సెప్పాలి? సమానవే. పక్కా బ్యాలెన్స్."

"అయితే నీకేది వచ్చినా ఒకటే కదా?"

అతను పెట్టె మీద చెయ్యి తియ్యలేదు. వెనకనుంచి బైరాగి మావ కిసుక్కున నవ్వాడు. నేనెక్కడికి వస్తున్నానో ఆయనకు తెలిసిపోయింది.

మా ఊళ్లో పెద్దవల లాగాక చేపల్ని ఇసకమీద పోగులు పెడతారు. పెట్టేది ఒక్కడే. పెట్టాక వాడికి నోరు లేదు. ఇంకొకడు సముద్రంకేసి తిరిగి నిలబడతాడు, పోగులు వాడి వీపు వెనక ఉంటాయి. మూడోవాడు ఒక పోగుమీద చెయ్యి పెట్టి 'ఇదెవులది' అని అడుగుతాడు. తిరిగి నిలబడ్డవాడు ఒక పేరు పలుకుతాడు. అంతే, ఆ పోగు వాడిది. పేరు పలికాక బేరం లేదు, అలకా లేదు. పోగులు పెట్టేవాడికి తనకేది వస్తుందో తెలియదు గనక అన్నీ ఒళ్లు దగ్గర పెట్టుకుని సమానంగా పెడతాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే ఇది. ఈ ఆటకు వాడొచ్చని మొన్న దుకాణంలో వల తూస్తుంటే తట్టింది, తట్టగానే నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ పద్ధతి బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పాను. చెప్పి, "పోగులు ఎట్టినోడు యువరాజు. రెండు దండులికీ పాయింట్లు కట్టింది అతనే. ఇప్పుడు ఎవులికేది పడతాదో పేరు పలికించుకుందాం," అన్నాను.

యువరాజు మొహం ఎర్రబడింది. "ఇది సేపల మార్కెట్టు కాదు నీలవేణీ."

నాకు ఒళ్లు మండిపోయింది. "కాదు. సేపల కాడ అన్నేయం జరిగితే ఊరు ఊరుకోదు. అందుకే మావోళ్లు ఆ పద్దతి ఎట్టుకున్నారు. నీ పుస్తకానికి ఏ పద్దతున్నాది? నువ్వే రాత్తావు, నువ్వే సమానవంటావు, ఆడేటప్పుడు మాత్రం కొత్తదే తీత్తావు. పాత దండుతో ఎప్పుడైనా ఆడేవా, ఒక్కసారి?"

"ఆడక్కర్లేదు. కంప్యూటర్లో రెండు దండుల్నీ ఎక్కించి నెలంతా ఆడించేను. అటూ ఇటూ సమానంగా గెలిచేయి. నీ కోపానికి నా దగ్గర లెక్కుంది."

"లెక్కుంటే మరేటి బెంగ? దా."

వనజ టీచరు కళ్లజోడు పైకి తోసుకుంది. ఆవిడ లెక్కల టీచరు, ఎవరి పక్కా మాట్లాడదు, ఎవరి మాటా మధ్యలో తుంచదు. "బాబూ, నీలవేణి అడిగింది న్యాయంగానే ఉంది. సమానమని నీకు నమ్మకం ఉంటే నువ్వు ఒప్పుకోవాలి. లేదంటే ఇక్కడితో ఆపేద్దాం, పుస్తకం వెనక్కి తీసుకో," అంది.

అందరిలో అలా అన్నాక యువరాజు వెనక్కి తగ్గుతాడా? తగ్గడు. అతనిలో నాకు నచ్చేదీ అదే, చిరాకు తెప్పించేదీ అదే. "సరే, కానియ్యండి," అన్నాడు.

బైరాగి మావ గోడకేసి తిరిగి నిలబడ్డాడు. టీచరు రెండు దండుల్నీ పక్కపక్కన పెట్టించి, కాసేపు వాటిమీద చెయ్యి అటూ ఇటూ ఆడించి, ఒకదానిమీద పెట్టింది.

"ఇదెవరిది?"

మావ తొందరపడలేదు. ముక్కు గోక్కున్నాడు. "యువరాజుది," అన్నాడు.

టీచరు చెయ్యి తెప్ప దండు మీద ఉంది.

మేడమీద ఒక్కసారి గోల లేచింది. ఉక్కు దండు ఆడే ఢిల్లీరావైతే బల్ల చరిచి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను. నాకు కావలసింది అదే పడింది, సంతోషం దాచుకునే రకాన్ని కాను. నాకు తెప్పలు వచ్చి నేను ఓడితే 'ఆడటం రాదు' అనేవాడు కదా! ఇప్పుడు క్లబ్బులో అందరికంటే బాగా ఆడేవాడి చేతిలోనే తెప్పలు ఉన్నాయి. అతని చేతిలో కూడా అవి ఓడిపోతే తప్పు ఆడేవాళ్లది కాదు, పాయింట్లదే. అతను గెలిస్తే నేను నోరు మూసుకుని బీరువా తాళం తీయాలి.

బల్ల నడుమ ఇసక దిబ్బ. ఆఖరి వంతు అయ్యేసరికి దిబ్బమీద ఎవరి బొమ్మలు ఎక్కువుంటే వాళ్లదే గెలుపు. సముద్రం వైపునుంచి అతని తెప్పలు, తోట వైపునుంచి నా ఉక్కు గొట్టాలవాళ్లు.

యువరాజు బాగా ఆడాడు. అబద్ధం చెప్పి ఏం బావుకుంటాను? తెప్పల్ని ఎదురుగా తోలకుండా మొగలి పొదల చాటునుంచి ఒక్కొక్కటిగా తెచ్చాడు. మొదటి రెండు వంతుల్లో నా గొట్టాలకు ఒక్కటీ దొరకలేదు. నాకు చెమట పట్టింది. వీడు నిజంగానే గెలిచేస్తాడేమో, ఇన్నాళ్లూ మాకే ఆడటం రాలేదేమో అని ఒక్క క్షణం అనిపించింది.

కానీ పొదలు దిబ్బదాకా లేవు కదా. ఎప్పటికైనా బయలు దాటాలి. వంతుకొక తెప్ప బయటికి రావడం, నేను రెండేసి సార్లు పేల్చడం, అది పడిపోవడం. ఇంకొకటి రావడం, అదీ పడిపోవడం.

గెలుస్తున్నాను గానీ చేతికి రుచించలేదు. ఆ బొమ్మలన్నీ నాకు మొహాలతో సహా తెలుసు. మూతి వంకరవాడు, తలపాగా జారినవాడు, నోట్లో అడ్డపొగ చుట్ట పెట్టుకున్నవాడు. ముందు తెప్పమీద నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడేది పెద్దతల్లి, అందరికీ సర్దారు. మావ తన తల్లిని తలుచుకుని చెక్కాడు దాన్ని. పాచిక వేశాను. ఆరు పడింది. పెద్దతల్లిని తీసి బల్ల పక్కన పెట్టాను, వెనక కుర్చీకేసి చూడలేకపోయాను.

యువరాజు జుట్టులోకి వేళ్లు పోనిచ్చాడు. పొదల చాటున తెప్పలన్నీ దగ్గరదగ్గరగా చేరి ఉన్నాయి. అతను వాటిని చూశాడు, దిబ్బను చూశాడు. మొహంలో వెలుగు వచ్చింది. రెండు చేతులూ చాపి, తెప్పల వరస మొత్తాన్ని ఒక్కసారే ఇసకమీద ముందుకు తోశాడు.

"ఇప్పుడు సూడవే! లాగుతున్నాను!"

అందరం అతనికేసి చూశాం.

"ఏటి అలా సూత్తన్నారు? అన్నీ జానెడులోపే ఉన్నాయి. టేపు ఎట్టి కొలుచుకోండి. తాడు కదా!"

"తాడు ఎక్కడిది బాబూ?" అంది టీచరు మెల్లగా. "నువ్వే తీసేశావు."

అతని చేతులు తెప్పలమీదే ఆగిపోయాయి. నేను సగం నవ్వుతూ ఏదో అనబోయి, అతని మొహం చూసి మానేశాను. రంగు పోయింది మొహంలో. పాపం, తప్పు పట్టుబడినవాడి మొహం కాదది. తన ఇంట్లో తనకే దారి తెలియనివాడి మొహం.

"కంప్యూటర్లో..." అన్నాడు. "కంప్యూటర్లో ఆడించినప్పుడు ఇలగే లాగేవి. ప్రతి ఆటలోనూ. సూసి సూసి నాకదే అలవాటైపోనాది. తాడు ఉండగానే సమానంగా తూగేయి. ఆ పాయింట్లే పుస్తకంలో ఎక్కించీసేను. తాడు పేజీ ఆకర్న తీసేసేను. పాయింట్లు తగ్గించేననే అనుకున్నాను. తగ్గించలేదు."

ఏడాది పాటు మావాళ్లు లేని తాడుకు పాయింట్లు కట్టి ఆడారన్నమాట. ఏడాది పాటు ఓడి, అక్కుపల్లి బస్సులో 'మనకే బుర్ర లేదే' అనుకుంటూ ఇంటికి పోయారన్నమాట. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు బయటపెట్టాలో తెలియక కుర్చీ వెనక్కి తన్ని లేచాను.

"నాను మోసం సెయ్యలేదు నీలవేణీ," అన్నాడు యువరాజు.

"తెలుసు. మోసం సేసుంటే ఇంత బాగా దొరకవు."

అతను తెప్పల్ని మళ్లీ పొదల చాటుకు సర్దడం మొదలెట్టాడు. "నువ్వే గెలిచీసేవు. నాను ఒప్పుకుంటాను. పుస్తకం తిరగరాత్తాను. రేపే మీ బొమ్మల పాయింట్లు సగానికి తగ్గించీత్తాను. ఎక్కువ బొమ్మలు ఎట్టుకోండి, నాలుగు పడితే నాలుగు మిగుల్తాయి. బ్యాలెన్స్ అయిపోతాది."

అక్కడితో నోరు మూసుకుని గెలుపు జేబులో వేసుకుని ఇంటికి పోవలసిందాన్ని. పందెం నాది, పుస్తకం మారుతుంది, దండు బల్లమీద ఉంటుంది. ఇంకేం కావాలి? కానీ ఆ 'సగానికి' అన్న మాట నాకు ఎక్కడో కాలింది. లోకువగా, గుంపులు గుంపులుగా పడి చచ్చేందుకు వచ్చిన జనమా వాళ్లు? పెద్దతల్లిలాంటివాళ్లని పదిమందిని పెట్టుకుంటే ఒకరు మిగులుతారట!

"నీ సగం మాకొద్దు. మాకు తాడు కావాల," అన్నాను.

"తాడుతో సమానంగా తూగుతాదని గ్యారంటీ ఏటి? కంప్యూటరే కదా సెప్పింది. మనిషి ఆడి సూడలేదు కదా."

"అయితే ఇప్పుడే సూద్దాం. ఆట ఇంకా అవ్వలేదు. తాడు కట్టుకో. లాగు."

టీచరు చెయ్యెత్తింది. "నీలవేణీ, ఆలోచించి చెప్పు. పుస్తకంలో తాడు లేదు. నువ్వు ఒప్పుకుంటేనే అతను లాగాలి, నువ్వు కాదంటే ఈ ఆట నీదే. ఒప్పుకున్నావంటే మాత్రం బోర్డు మీద రాసింది రాసినట్టే ఉంటుంది. అతను గెలిస్తే దండు బీరువాలోకి వెళ్లాలి."

"అదేటి టీచరుగారూ, తాడు వచ్చాక పందెం మారదా?"

"పేరు పలికాక బేరం లేదన్నది నువ్వే కదమ్మా."

ఢిల్లీరావు నా చెవి దగ్గరకొచ్చి "వద్దప్పా, గెలిచిన ఆట," అన్నాడు. మంచి సలహాయే. కానీ నాకు మంచి సలహా ఇస్తే ఎప్పుడు విన్నాను?

"లాగమన్నాను కదా. లాగనీ," అన్నాను.

అన్నాక తట్టింది నేనేం చేశానో. ఇప్పుడు నేను గెలిస్తే తాడు కూడా దండగేనని నా చేత్తో నేనే రుజువు చేసినట్టు. ఓడిపోతే తాడు గొప్పదని తేలుతుంది, ఆ గొప్ప దండు తిన్నగా బీరువాలోకి పోతుంది. బాగుంది కదూ నా తెలివి! అయినా నాకు భయం వెయ్యలేదు. నా గొట్టాలవాళ్లు దిబ్బ చుట్టూ గట్టిగా నిలబడి ఉన్నారు. యువరాజుకు తాడు ఉందని తెలుసు గానీ ఎప్పుడు బిగించాలో ఎప్పుడు వదలాలో చేత్తో ఎన్నడూ ఎరగడు. ఎలాగైనా గెలిచి, ఆ తర్వాత తాడు సంగతి నోటితో తేల్చుకోవచ్చు. నా నోటిమీద నాకు నమ్మకం ఎక్కువే.

యువరాజు తెప్పల మీద చేతులు పెట్టాడు. మళ్లీ తీసేశాడు. ఏ తెప్ప ముందుండాలో తోచక ఒకదాన్ని అటు జరిపాడు, ఇంకొకదాన్ని ఇటు జరిపాడు.

వెనక కుర్చీ కిర్రుమంది.

బైరాగి మావ లేచాడు. లుంగీ ఎగ్గట్టాడు. నా పక్కకు వస్తాడని, నెత్తిమీద ఒకటి మొట్టి తిడతాడని తల వంచుకున్నాను. ఆయన నా కుర్చీ దాటిపోయాడు. బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపుకెళ్లి యువరాజు భుజమ్మీద చెయ్యి వేశాడు.

"లే బాబూ, లే. తాడు అలగ పడతారేటి? పక్కకి జరుగు."

యువరాజు టీచరుకేసి చూశాడు. టీచరు నాకేసి చూసింది. నేను మావకేసి చూశాను. ఇన్నేళ్లలో ఎన్నడూ బల్లకు ఎదురుగా కూర్చోని మనిషి, నాకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఏటి మావా ఇది? నువ్వుగాని గెలిత్తే నీ బొమ్మలే బీరువాలోకెల్తాయి. నా సేతుల్తోనే ఎట్టాల. తెలుసా నీకు?"

"తెలుసే." ఆయన తెప్పల్ని ఒక్కొక్కటే వేలి కొసతో దగ్గరకు చేరుస్తున్నాడు, నాకేసి చూడకుండా. "బీరువాలో ఎడితే ఎట్టు. ఓడిపోడానికి మాత్రం సెక్కలేదు నాను ఈటిని."

వరస కుదిరింది. మావ రెండు అరచేతులూ దానిమీద పరిచి, అప్పుడు తలెత్తి నా కళ్లలోకి చూశాడు.

"కాసుకో కోడలా," అన్నాడు. లాగాడు.